గేమ్‌ప్యాడ్‌కు వ్యాకరణం

ఇవాళ నేను మాట్లాడబోయేది గేమ్‌ప్యాడ్ గురించి. కొందరు దాన్ని గేమ్ కంట్రోలర్ అంటారు, పాత అలవాటు కొద్దీ జాయ్‌స్టిక్ అనేవాళ్లూ ఉన్నారు. రెండు చేతుల్లో ఇమిడే ప్లాస్టిక్ పరికరం. బొటనవేళ్ల కింద ఎటు కావాలంటే అటు వంగే రెండు పుల్లలు, కుడివైపు నాలుగు బటన్లు, ఎడమవైపు దిక్కులు చూపే మీట, చూపుడువేళ్లు ఆనే చోట రెండు ట్రిగ్గర్లు. దీన్ని లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం గుర్తుపట్టి, దాని మాట అర్థం చేసుకునేలా చెయ్యడం ఎలా, ఆ పని ఇంతవరకు ఎవరు చేశారు, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చదువుకుంటున్న పిల్లలకు అందులో చోటు ఎక్కడుంది అన్నది చెబుతాను.

"పిల్లల చేత ఆటలు మానిపించలేక మేం చస్తుంటే, మీరు రేడియోలో ఆట పరికరం గురించి చెబుతారేటి?" అని ఈ మాట వింటున్న అమ్మలూ నాన్నలూ అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆట ఆడడం వేరు, ఆట పరికరం కంప్యూటరుతో ఏం మాట్లాడుతోందో విని అర్థం చేసుకోవడం వేరు. రెండోది చదువు. నా దృష్టిలో చాలా మంచి చదువు. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో మనం పాఠాలుగా చెప్పే ఎలక్ట్రానిక్స్, ద్విసంఖ్యామానం, సి భాష, ఆపరేటింగ్ సిస్టం, ఈ నాలుగూ ఒక్కచోట కలిసి, వేలికింద కదిలి కనబడే సందర్భం ఇంత సులువుగా మరోచోట దొరకదు.

సందర్భం కూడా కలిసొచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ఆపేసింది. విండోస్ 11 పాత యంత్రాలు చాలావాటి మీద ఎక్కదు. అన్న చదువుకున్న ల్యాప్‌టాప్ తమ్ముడికీ, తమ్ముడిది చెల్లెలికీ వచ్చే మన ఇళ్లలో ఆ యంత్రాలన్నీ ఏం కావాలి? వాటి మీద లినక్స్ హాయిగా నడుస్తుంది. ఎచ్చెర్ల దగ్గర ట్రిపుల్ ఐటీలోనూ, 2022 నుంచి గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైన విజయనగరం జె.ఎన్.టి.యు.లోనూ, రాజాంలో, టెక్కలిలో ఉన్న కళాశాలల్లోనూ చదివే పిల్లలకు లినక్స్ కొత్త మాట కాదు. అయితే వాళ్లలో ఎవరైనా బజారులో కొన్న పేరులేని గేమ్‌ప్యాడ్ ఒకటి తెచ్చి లినక్స్ యంత్రానికి గుచ్చితే, ఒక్కోసారి ఏమవుతుందో వాళ్ల మాటల్లోనే చెబుతాను. "లైటు ఎలుగుతంది సార్, గానీ ఆటలో బొమ్మ కదల్దు."

లైటు వెలుగుతోందంటే కరెంటు అందింది. బొమ్మ కదలడం లేదంటే మాట అందలేదు. ఆ మాట అందించే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటాం.

యు.ఎస్.బి. తీగ గుచ్చగానే జరిగే మొదటి పని పరిచయం. కంప్యూటరు "నువ్వెవరు?" అని అడుగుతుంది. పరికరం రెండు సంఖ్యలు చెబుతుంది. ఒకటి తయారీదారు సంఖ్య, రెండోది వస్తువు సంఖ్య. మైక్రోసాఫ్ట్ సంఖ్య పదహారు గుర్తులతో రాసే హెక్సాడెసిమల్ లెక్కలో సున్నా నాలుగు ఐదు ఇ. సోనీది సున్నా ఐదు నాలుగు సి. నింటెండోది సున్నా ఐదు ఏడు ఇ. ఆ తర్వాత, నేను ఏ తరగతి పరికరాన్ని అన్నది చెబుతుంది. కీబోర్డు, మౌస్, మామూలు గేమ్‌ప్యాడ్ అయితే 'హెచ్.ఐ.డి.' అనే తరగతి. మనిషి చేతితో వాడే పరికరాలన్నిటికీ కలిపి 1990ల చివర్లో పెట్టుకున్న ఒప్పందం అది. ఈ తరగతి పరికరం బుద్ధిమంతురాలు. తన సందేశంలో ఎన్నో బైటులో ఏముందో తనే ముందుగా వివరంగా చెప్పేస్తుంది. అందుకే చాలా గేమ్‌ప్యాడ్‌లు లినక్స్‌లో ఏ ప్రయత్నమూ లేకుండా పనిచేస్తాయి.

చిక్కంతా అలా చెప్పని వాటితోనే. ఎక్స్‌బాక్స్ అనే తన ఆట యంత్రం కోసం మైక్రోసాఫ్ట్ చేసిన గేమ్‌ప్యాడ్‌లు ఆ ఒప్పందంలో చేరలేదు. తరగతి అడిగితే చాలావరకు 255 అంటాయి. అంటే 'నాది నా సొంత పద్ధతి' అని అర్థం. ఆ పద్ధతి ఏమిటో మాత్రం చెప్పవు. వాటిని అనుకరించి మార్కెట్టులోకి వచ్చిన సవాలక్ష రకాల పరికరాలదీ అదే దారి.

వివరణ ఇవ్వని పరికరానికి డ్రైవర్ ఎలా రాస్తారు? ఇక్కడ నాకు మన జిల్లా పెద్దాయన ఒకరు గుర్తుకొస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. అక్కడి కొండల్లో సవరలు మాట్లాడే భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. ఆయన సవరలతో కలిసి కూర్చున్నారు. వాళ్లు ఒక మాట అన్నప్పుడు చేతిలో ఏముంది, ఎదురుగా ఏముంది, అదే మాట మరోచోట ఎలా మారింది, ఇవన్నీ వింటూ రాసుకున్నారు. ఏళ్లకేళ్లు విన్నారు. ఆ తిరుగుళ్లలో పట్టుకున్న మన్యపు జ్వరానికి మింగిన క్వినైను ఆయన వినికిడినే దెబ్బతీసింది. అయినా ఆగలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఒక మనిషి విని రాసిపెట్టడం వల్ల ఆ భాష నేర్చుకునే దారి అందరికీ తెరుచుకుంది.

మనుషుల భాషకూ ప్లాస్టిక్ పరికరం పంపే అంకెలకూ పోలిక పెట్టడం పెద్దాయనకు అగౌరవమని నేననుకోను. పని పద్ధతి ఒకటే కాబట్టి చెబుతున్నాను. ఒక బటన్ నొక్కు. ఏం మారిందో చూడు. వదులు. మళ్లీ చూడు. రెండు బటన్లు కలిపి నొక్కు. రాసుకో.

2002లో మార్కో ఫ్రీడెమాన్ అనే ప్రోగ్రామరు మొదటి తరం ఎక్స్‌బాక్స్ గేమ్‌ప్యాడ్ కోసం లినక్స్‌లో ఎక్స్‌ప్యాడ్ అనే డ్రైవర్ మొదలుపెట్టినప్పుడు దాని వెనక ఉన్నది ఇలాంటి పనే. ఆ చిన్న డ్రైవర్ ఇరవయ్యేళ్లు దాటినా బతికే ఉంది, పెరుగుతూనే ఉంది. దాన్ని చదవమని నేను విద్యార్థులకు చెబుతుంటాను. ఒకే ఫైలు. సి భాష వచ్చిన పిల్లవాడు ఓపిక పడితే మొదటినుంచి చివరిదాకా చదవగలడు.

అందులో ఎక్స్‌బాక్స్ 360 గేమ్‌ప్యాడ్ భాష ఎలా ఉందో మీకు మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను. దగ్గర కాగితం ఉంటే రాసుకోండి.

ప్రతి సందేశం 20 బైట్లు. బైటు అంటే 0 నుంచి 255 దాకా ఏదో ఒక సంఖ్య. మొదటి బైటు 0, అంటే ఇది బటన్ల సందేశం అని. రెండో బైటు 20, సందేశం పొడవు. మూడో బైటులో ఎడమచేతి దిక్కుల మీట, స్టార్ట్, బ్యాక్ వంటివి. నాలుగో బైటు చూడండి. దక్షిణం వైపున్న బటన్ నొక్కితే అందులో 16 వస్తుంది. తూర్పుది నొక్కితే 32. పడమరది 64. ఉత్తరానిది 128. దక్షిణం, తూర్పు కలిపి నొక్కితే 48. పదహారూ ముప్ఫై రెండూ కలిస్తే నలభై ఎనిమిదే కదా! ఒక్క సంఖ్యలో ఎన్ని బటన్లయినా కలిసి రావచ్చు, అయినా ఏది ఏదో విడదీయవచ్చు. ద్విసంఖ్యామానం ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇంతకంటే చక్కని జవాబు నాకు తోచదు.

బటన్లకు దిక్కుల పేర్లు పెట్టింది నేను కాదు, లినక్స్ వాళ్లే. ఒక కంపెనీ 'ఎ' అని రాసిన బటన్ కింద ఉంటే, ఇంకో కంపెనీ 'ఎ' కుడివైపు ఉంటుంది. మరో కంపెనీ అక్షరాలు మానేసి గుణకారం గుర్తు, వృత్తం వేస్తుంది. అక్షరాన్ని నమ్ముకుంటే ఆట తారుమారవుతుంది. దిక్కు మాత్రం మారదు. అందుకని దక్షిణం బటన్, తూర్పు బటన్ అని స్థిరం చేశారు. మంచి నిర్ణయం.

ఇక ఐదూ ఆరూ బైట్లు రెండు ట్రిగ్గర్లవి. ఎంత గట్టిగా నొక్కితే అంత, 0 నుంచి 255. ఏడో బైటు నుంచి పద్నాలుగో బైటు దాకా రెండు పుల్లల స్థానం. ఒక్కో పుల్లకు అడ్డం ఒక సంఖ్య, నిలువు ఒక సంఖ్య, ఒక్కో సంఖ్యకు రెండేసి బైట్లు. రెండు బైట్లలో పట్టే సంఖ్యలు మైనస్ 32,768 నుంచి ప్లస్ 32,767 దాకా. మిగిలిన ఆరు బైట్లకు పనిలేదు. పరికరం దగ్గరికి నాలుగు మిల్లీసెకన్లకోసారి కంప్యూటరు వెళ్లి ఏమైనా ఉందా అని అడుగుతుంది. అంటే సెకనుకు 250 సార్లు.

పుల్లల దగ్గర ఒక ముచ్చటైన చిక్కుంది. ఎక్స్‌బాక్స్ గేమ్‌ప్యాడ్ పుల్లను పైకి తోస్తే ప్లస్ సంఖ్య పంపుతుంది. లినక్స్‌లో పైకి అంటే మైనస్. తెర మీద గీతలు పైనుంచి కిందకి లెక్కపెడతారు కాబట్టి. అయితే ఏముంది, గుర్తు తిప్పేస్తే సరి అనిపిస్తుంది. ప్లస్ వస్తే మైనస్, మైనస్ వస్తే ప్లస్. నిజమే, కానీ పుల్లను పూర్తిగా కిందకి లాగితే వచ్చేది మైనస్ 32,768. దాన్ని తిప్పితే ప్లస్ 32,768 కావాలి. రెండు బైట్లలో పట్టే పెద్ద సంఖ్య 32,767 అని ఇందాకే చెప్పుకున్నాం. ఒక్కటి తక్కువ! పట్టని సంఖ్యను పట్టించబోతే అది మళ్లీ మైనస్ 32,768గానే మిగులుతుంది. ఫలితం ఏమిటంటే, ఆడేవాడు పుల్లను కిందకి కిందకి లాగుతూ చివరికంటా వెళ్లేసరికి, తెరమీద బొమ్మ ఉన్నపళంగా పైకి ఎగిరిపోతుంది.

ఎక్స్‌ప్యాడ్‌లో దీనికి పరిష్కారం ఒకే ఒక్క గుర్తులో ఉంది. మైనస్ గుర్తు బదులు, బిట్లన్నిటినీ తిరగేసే గుర్తు పెట్టారు. సున్నాలు ఒకట్లవుతాయి, ఒకట్లు సున్నాలవుతాయి. అలా చేస్తే మైనస్ 32,768 సరిగ్గా ప్లస్ 32,767 అవుతుంది. అయితే పుల్ల నడిమధ్యలో ఉన్నప్పుడు సున్నా రావలసిన చోట మైనస్ 1 వస్తుంది. దానివల్ల నష్టం లేదు. పుల్ల వదిలేసినా స్ప్రింగు వల్ల నూటికి నూరుపాళ్లు మధ్యకు రాదు, కాస్త అటో ఇటో ఆగుతుంది. అందుకని మధ్యకు 128 దాకా ఉన్న తేడాను కదలికగా తీసుకోవద్దని డ్రైవరే ఆటలకు ముందుగా చెప్పి ఉంచుతుంది. మైనస్ 1 అందులో కలిసిపోతుంది. ఈ ఒక్క వరుస చదివి అర్థం చేసుకున్న విద్యార్థి రుణసంఖ్యలు యంత్రంలో ఎలా ఉంటాయో జన్మలో మరిచిపోడు. నేను దీన్ని పాఠంగా చెప్పినప్పుడల్లా నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

వినడం ఒకవైపు. తిరిగి చెప్పడం ఇంకోవైపు. గేమ్‌ప్యాడ్ లోపల రెండు చిన్న మోటార్లుంటాయి. ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది. ఆటలో కారు గోడకు గుద్దుకుంటే చేతిలో వణుకు పుట్టేది వాటివల్లే. వాటిని తిప్పాలంటే కంప్యూటరు ఎనిమిది బైట్ల సందేశం పంపాలి. నాలుగో బైటులో పెద్ద మోటారు బలం, ఐదో బైటులో చిన్న మోటారు బలం. దీపాలు వెలిగించడానికి వేరే సందేశం, అది మూడే బైట్లు.

కొన్ని పరికరాలు పలకరించందే పలకవు. ఎక్స్‌బాక్స్ వన్ గేమ్‌ప్యాడ్‌కు ముందుగా ఐదు బైట్ల సందేశం ఒకటి పంపాలి. అది అందేదాకా ఎన్ని బటన్లు నొక్కినా మౌనమే. వేరే కంపెనీలు చేసిన 360 రకం గేమ్‌ప్యాడ్‌లలో కొన్ని, కంప్యూటరు తమను ఒక ప్రత్యేకమైన ప్రశ్న అడిగితే తప్ప మేలుకోవు. వాటి కోసం ఆ ప్రశ్నను కూడా ఎక్స్‌ప్యాడ్‌లో చేర్చారు. సోనీ ప్లేస్టేషన్ 4 గేమ్‌ప్యాడ్‌ను తీగ లేకుండా బ్లూటూత్ మీద కలిపితే మొదట్లో పొడి మాటలే చెబుతుంది. దాని లోపల వంపులు కొలిచే పరికరపు దిద్దుబాటు లెక్కలను కంప్యూటరు అడిగి తీసుకున్నాక గానీ పూర్తి సమాచారం ఇవ్వడం మొదలుపెట్టదు. పైగా ప్రతి సందేశం చివర ఒక సరిచూపు సంఖ్య జతచేస్తుంది. మనం పంపే సందేశాల్లో ఆ సంఖ్య తప్పితే వాటిని పట్టించుకోదు.

ఇవేవీ ఆ పరికరాల డబ్బాల మీద రాసి ఉండవు. ఎవరో ఒకరు, విండోస్ యంత్రంలోనో ఆట యంత్రంలోనో తీగ మీద ఏ మాటలు నడుస్తున్నాయో పొంచి చూసి, ఒక్కొక్కటే లినక్స్ నుంచి పంపి చూసి, పనిచేసింది ఉంచి, పనిచెయ్యనిది తీసేసి కనిపెట్టారు. తీగ మీది మాటలు చూడడానికి లినక్స్‌లోనే యు.ఎస్.బి.మాన్ అనే సదుపాయం ఉంది. వైర్‌షార్క్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ బైట్లను వరుసలుగా పేర్చి చూపిస్తుంది. రూపాయి ఖర్చులేదు.

తర్వాత్తర్వాత కంపెనీలూ కదిలాయి. ప్లేస్టేషన్ 5 గేమ్‌ప్యాడ్ కోసం సోనీ ఉద్యోగులే డ్రైవర్ రాసి ఇచ్చారు. అది 2021 ఏప్రిల్‌లో వచ్చిన లినక్స్ 5.12తో అందరికీ అందింది. నింటెండో స్విచ్ గేమ్‌ప్యాడ్‌ల డ్రైవర్ మాత్రం డేనియల్ ఒగోర్చాక్ అనే ఆయన రాశారు. 2022 జనవరి నాటి 5.16లో చేరింది. ఆ ఏడే వాల్వ్ కంపెనీ లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్ అనే ఆట యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. కంపెనీ తానే డ్రైవర్ రాసి ఇవ్వడం మంచిదే, స్వాగతించాలి. కానీ అక్కడిదాకా రావడానికి దారి వేసింది ఎవరూ అడగకుండా, ఎవరూ జీతం ఇవ్వకుండా రాసినవాళ్లు. ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇక్కడ మన శ్రీకాకుళంతో ముడిపడిన ఒక మనిషి సంగతి చెప్పాలి. 2014 నుంచి మైక్రోసాఫ్ట్‌ను నడుపుతున్న సత్య నాదెళ్ల. తండ్రి యుగంధర్‌గారు ఐ.ఏ.ఎస్. అధికారి. బదిలీల వెంట ఊళ్లు మారిన తన బాల్యంలో శ్రీకాకుళం కూడా ఒక మజిలీ అని ఆయన తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో చెప్పుకున్నారు. ఆయన హయాంలో మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అనే పరికరం తెచ్చింది. అది వేళ్లు సరిగా కదపలేనివాళ్ల కోసం. అరచేయంత పెద్ద బటన్లు రెండు ఉంటాయి. వెనకవైపు వరుసగా హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రాల్లాంటివి ఉంటాయి. ఎవరికి ఏ అవయవం కదులుతుందో దానికి తగిన మీటను వాటికి తగిలించుకోవచ్చు. మోచేత్తో నొక్కేది, పాదంతో నొక్కేది, ఏదైనా సరే. ఆయన కొడుకు జెయిన్ పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీతో ఉండేవాడు, 2022లో కన్నుమూశాడు. ఆ బిడ్డను పెంచడం తన చూపునే మార్చేసిందని తండ్రి ఆ పుస్తకంలో రాశారు.

ఈ అడాప్టివ్ కంట్రోలర్ సంఖ్య కూడా ఎక్స్‌ప్యాడ్ గుర్తుపట్టే పరికరాల పట్టికలో ఒక వరుసగా ఉంది. ఒక్క వరుస. దానివల్ల ఏ ఊళ్లోనైనా, పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ వేసుకున్న ఇంట్లోనైనా, చేతులు స్వాధీనంలో లేని పిల్ల ఆ పరికరంతో కంప్యూటరును నడపగలదు. అంత ఖరీదు పెట్టలేని వాళ్లకు మన కళాశాలల పిల్లలే చవకైన చిన్న సర్క్యూటు బోర్డుతో, పెద్ద మీటలతో అలాంటిది తయారుచేసి ఇవ్వగలరు. దాన్ని హెచ్.ఐ.డి. తరగతిలో చేరిస్తే లినక్స్ దానంతటదే గుర్తుపడుతుంది, కొత్త డ్రైవర్ అక్కర్లేదు. నన్నడిగితే ఏ ఆటకంటే ముందు చెయ్యాల్సిన పని ఇదే. ప్రాజెక్టు కోసం ఏదో ఒక శీర్షిక వెతుక్కునే చివరి సంవత్సరం విద్యార్థులు వింటుంటే, వారికి నా విన్నపం ఇది. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి ఒకసారి వెళ్లండి. అక్కడి పిల్లల్లో ఎవరి చెయ్యి ఎంతవరకు కదులుతుందో చూడండి. మీటలు ఆ చేతికి తగ్గట్టు అమర్చండి.

ఆటకూ, ఇలాంటి సాయానికీ తోడు గేమ్‌ప్యాడ్‌కు ఇంకో వాడకం ఉంది. ఇంజినీరింగ్ ప్రయోగశాలల్లో రోబోలను నడిపే ఆర్.ఓ.ఎస్. అనే వ్యవస్థ ఎక్కువగా లినక్స్ మీదే నడుస్తుంది. అందులో రోబోను చేత్తో నడపాలంటే మొదట అందుకునేది గేమ్‌ప్యాడే. డ్రోన్లను నేలమీది నుంచి చూసుకునే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములూ దీన్ని ఒప్పుకుంటాయి. అక్కడ పుల్ల చివరకంటా లాగినప్పుడు గుర్తు తిరగబడితే ఏమవుతుందో ఊహించండి. తెరమీద బొమ్మ ఎగరడం కాదు, నిజమైన యంత్రం వెళ్లి గోడకు గుద్దుకుంటుంది.

సరే, మన దగ్గరి విద్యార్థి నిజంగా ఒక పేరులేని గేమ్‌ప్యాడ్‌కు లినక్స్‌లో చోటు ఇప్పించాలంటే ఎంత పని? కొన్నిసార్లు చాలా తక్కువ. ఆ పరికరం ఎక్స్‌బాక్స్ 360 పద్ధతిలోనే మాట్లాడుతూ, తయారీదారు సంఖ్య మాత్రం లినక్స్‌కు తెలియనిదైతే, ఎక్స్‌ప్యాడ్ పట్టికలో ఆ సంఖ్య చేర్చడమే పని. ఒకటి రెండు వరుసలు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మొత్తాన్ని మళ్లీ తయారుచెయ్యక్కర్లేదు, ఆ ఒక్క డ్రైవర్ ముక్కను కట్టుకుంటే చాలు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా త్వరగానే అయిపోతుంది. ఈవ్‌టెస్ట్ అనే ప్రోగ్రాము తెరిచి ఒక్కొక్క బటనూ నొక్కితే, దక్షిణం నొక్కినప్పుడు దక్షిణమే వస్తోందా, పుల్ల మైనస్ నుంచి ప్లస్ దాకా పూర్తిగా వెళుతోందా అన్నది అక్షరాలా కనబడుతుంది.

ఓపిక కావలసింది ఆ తర్వాత. మార్పును లినక్స్ వాళ్లకు పంపాక అక్కడి నిర్వాహకులు చదువుతారు. కీబోర్డులు, మౌసులు, గేమ్‌ప్యాడ్‌ల విభాగాన్ని చాలాకాలంగా చూస్తున్నది డిమిత్రీ టొరోఖోవ్. ఇలాంటివారు వరుస వరుసా అడుగుతారు. ఈ సంఖ్య ఎక్కడినుంచి వచ్చింది? నీ చేతిలో ఆ పరికరం ఉందా? తీగ మధ్యలో పీకేస్తే ఏమవుతుంది? పరికరం 20 బైట్లు పంపుతానని 8 బైట్లే పంపితే నీ డ్రైవర్ మిగిలిన 12 ఎక్కడినుంచి చదువుతుంది? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. డ్రైవర్ కెర్నెల్‌లో, అంటే యంత్రం నడిబొడ్డున నడుస్తుంది. గేమ్‌ప్యాడ్ వేషంలో ఎవరైనా తప్పుడు పరికరం గుచ్చినా మొత్తం కంప్యూటరుకు హాని జరగకూడదు. ఓపెన్ బి.ఎస్.డి. అనే మరో ఓపెన్ సోర్స్ వ్యవస్థ వాళ్లు 2021లో గేమ్‌ప్యాడ్‌లకు ప్రత్యేకంగా ఒక ఇరుకు దారి పెట్టింది ఇలాంటి జాగ్రత్తతోనే. ఆటలకు గేమ్‌ప్యాడ్ అందాలి, కీబోర్డు మీద కొట్టే రహస్య పదాలు అందకూడదు.

ప్రశ్నలు వచ్చాయంటే మన పిల్లలు తమను కాదన్నారని అనుకుంటారు, సిగ్గుపడి ఊరుకుంటారు. ఇంగ్లీషులో రాయాలి కదా అని ఇంకో జంకు. అలా ఊరుకోవద్దు. లినక్స్‌లో ఎంత పేరున్నవాళ్లయినా ఇదే ప్రశ్నలకు జవాబు చెప్పుకుని, రెండోసారి మూడోసారి దిద్ది పంపినవాళ్లే. మీ ఇంగ్లీషు పొట్టి వాక్యాల్లో ఉంటే వాళ్లకు మరీ మంచిది. దిద్దుబాటు కింద మీ పేరు, 'ఇది నేను రాశాను, ఇచ్చే హక్కు నాకుంది' అన్న పూచీతో సంతకం చెయ్యాలి. 2004 నుంచి లినక్స్‌లో ఇది నియమం. ఒప్పుకున్నాక తొమ్మిది పది వారాలకోసారి వచ్చే కొత్త విడుదలలో అది చేరుతుంది. అక్కడినుంచి ప్రపంచంలో ఆ గేమ్‌ప్యాడ్ కొన్న ప్రతివారికీ, మీ పేరు తెలియకుండానే, గుచ్చగానే పనిచేస్తుంది.

తెరమీద తెలుగు అక్షరం సరిగా కనబడాలని, మెనూలు తెలుగులో ఉండాలని స్వేచ్ఛ వంటి సంస్థల్లోని వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. అదంతా కంటికి కనబడే భాగం. తీగ వెనక, చిప్ వెనక ఉన్న భాగంలో కూడా మన కళాశాలల పేర్లతో సంతకాలు రావాలని నా కోరిక.

మొదలుపెట్టదలచినవాళ్లకు చివరగా ఒక మాట. మీ దగ్గర లైటు వెలిగి కూడా పనిచెయ్యని గేమ్‌ప్యాడ్ ఉంటే పారేయకండి. లినక్స్‌లో ఎల్.ఎస్.యు.ఎస్.బి. అని కొట్టి, దాని తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య రాసుకోండి. అదే మాటకు -v చేర్చి మళ్లీ కొట్టి, తరగతి 255 అని ఉందా, ఉపతరగతి 93 అని ఉందా చూడండి. ఆ రెండూ ఉన్నాయంటే అది ఎక్స్‌బాక్స్ 360 కుటుంబమే, పని సగం అయిపోయినట్టే. లేకపోతే యు.ఎస్.బి.మాన్ తెరిచి, ఒక్కో బటన్ నొక్కినప్పుడు ఎన్నో బైటు మారిందో పట్టిక వేసుకోండి. బ్లూటూత్ సంగతి అప్పుడే ఎత్తుకోవద్దు, తీగతో మొదలుపెట్టండి. ఒకరు నొక్కుతుంటే ఒకరు రాసుకుంటే ఇంకా బాగుంటుంది.